ఒక్క పేసో సీట్లు

జోవెలిన్ టబ్లీజో ఉన్నచోట ఉండే మనిషి కాదు. మనీలాలో బగ్‌విస్ ఎయిర్ ఆఫీసు మూడో అంతస్తులో పన్నెండేళ్లు ఆమె బల్ల పక్కనే నా బల్ల. ఏ ఊరికి ఏ విమానం, వారానికి ఎన్నిసార్లు వెళ్లాలో తేల్చే పని మాది. పొద్దుటి విమానాలన్నీ లేచాయని తెలిసేదాకా ఆమె అన్నం ముట్టదు. కాఫీ కప్పు పట్టుకుని కాలు కాలిన పిల్లిలా కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతుంది. "కాసేపు కూర్చోవే తల్లీ, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంటే, "నువ్వు కూర్చున్నావుగా అన్నా, ఇద్దరికీ సరిపోతుంది" అనేది.

ఆమెది విరాక్, తూర్పు సముద్రంలో ఒక దీవి మీది ఊరు. తుఫాను ఏదొచ్చినా ముందు ఆ దీవినే పలకరించి వస్తుంది. తల్లి హాంకాంగ్‌లో ఎవరి పిల్లలకో అన్నం తినిపిస్తుంటే, ఈమెకు పిన్ని పురా తినిపించింది. పురాది మడపీతల వ్యాపారం. తెల్లారేసరికి బతికున్న పీతల కాళ్లు తాళ్లతో కట్టించి, పెట్టెల్లో సర్ది, పది గంటల విమానంలో మనీలాకి పంపుతుంది. మధ్యాహ్నానికి హోటళ్లకు చేరాలి, ప్రాణంతో చేరాలి. చచ్చిన పీతను ఎవడూ కొనడు. జోవెలిన్ చదువంతా ఆ పెట్టెల మీదే సాగింది.

ఆ పది గంటల విమానం మాది కాదు, అవతలి కంపెనీది. డెబ్బై రెండు సీట్ల పంకాల విమానం, పదకొండేళ్లుగా విరాక్‌కు అదొక్కటే. మా పెద్దాయన విల్‌ఫ్రెడ్ సర్‌కి అది కంట్లో నలుసు. చిన్న దీవులు ఎవరి చేతిలో ఉంటే పెద్ద ఊళ్ల ప్రయాణికులు కూడా వాళ్లకే వస్తారని ఆయన నమ్మకం.

"నూట ఎనభై సీట్ల జెట్ దింపుదాం" అన్నాడు ఫిబ్రవరిలో. "కొన్నాళ్లు నష్టానికి నడుపుదాం. వాళ్లు మూటాముల్లె సర్దుకుంటారు. ఆ తర్వాత ధర మనిష్టం."

"అంతమంది ఎక్కుతారా సర్? ముందు సేల్ పెట్టి చూద్దాం" అంది జోవెలిన్.

మార్చిలో సేల్ పెట్టాం. డిసెంబర్‌లో విరాక్ ఊరి పండగ, ఫియెస్టా వారం నుంచి జనవరి ఆఖరు దాకా ఏ రోజుకైనా టికెట్ ఒక్క పేసో. పన్నులు కూడా కంపెనీయే కడుతుంది. మిట్టమధ్యాహ్నం తెరిచాం, రెండు గంటల్లో అయిపోయాయి. నూటికి తొంభై నాలుగు సీట్లు! జోవెలిన్ ఆ కాగితం పట్టుకుని అంతస్తంతా తిరిగింది. "చూశావా అన్నా, మా వాళ్లు! విమానం లేక ఆగారు గానీ, రావాలని లేక కాదు." ఆమె ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. జెట్ దింపొచ్చని కింద సంతకం పెట్టింది.

నవంబర్ ఒకటిన జెట్ దిగింది. నెల తిరక్కముందే అవతలి వాళ్లు తమ చిన్న విమానాన్ని పలావాన్ దీవికి తోలుకుపోయారు. పురా పీతల పెట్టెలు మా జెట్ కడుపులోకి మారాయి. విల్‌ఫ్రెడ్ సర్ ఆఫీసుకంతటికీ కాల్చిన పంది తెప్పించాడు. అందరం చేతులు నాకుతూ తింటుంటే జోవెలిన్ మాత్రం పళ్లెం బల్లమీద పెట్టేసి నా చుట్టూ తిరుగుతోంది.

"వాళ్లు ఇంత తొందరగా ఎందుకు వెళ్లిపోయారన్నా?"

"భయపడి."

"పదకొండేళ్లు తుఫాన్లకు భయపడనివాళ్లు మనకు భయపడ్డారా?"

"తోలు చల్లారిపోతుంది, తిను" అన్నాను. అప్పుడు ఆ మాట పట్టించుకోనందుకు ఇప్పటికీ నామీద నాకే కోపం.

ఫియెస్టా వారం వచ్చింది. మొదటి రోజు నూట డెబ్బై టికెట్లకు అరవై నాలుగు మంది వచ్చారు. రెండో రోజు అరవై ఎనిమిది. మూడో రోజు తుఫానూ లేదు, వానా లేదు, అరవై ఆరు. జోవెలిన్ విరాక్ కౌంటర్‌కి గంటకోసారి ఫోన్ చేసి వాళ్ల ప్రాణం తీసింది. చివరికి పిన్నికే ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, బల్లల మధ్య తిరుగుతూ అడిగింది.

"పిన్నీ, ఊరంతా టికెట్లు కొన్నారుగా! జనం ఏరీ?"

"ఎవరు కొనలేదే? నేనే పదకొండు కొన్నాను."

"పదకొండా! ఎవరికి?"

"నీకొకటి, మీ అమ్మకొకటి, మా బోయెట్‌గాడికి, వాడు పెళ్లాడితే వాడి పెళ్లానికి, చర్చి ఫాదర్‌గారు వస్తానంటే ఆయనకి... ఒక్క పేసోనేగా. మిఠాయి బిళ్ల కూడా రాదు దానికి. మార్చిలో ఎవరికి తెలుస్తుందే డిసెంబర్‌కి ఎవరొస్తారో? ఉంటే మంచిదని కొన్నాను."

"రారని తెలిసీనా?"

"వస్తారేమోనని! నువ్వు మాత్రం వచ్చావా?"

జోవెలిన్ ఠక్కున ఆగిపోయింది. నేను తల వంచుకుని నా కంప్యూటర్‌లోకి చూశాను. నా పేరు మీద సెబూకి మూడు టికెట్లున్నాయి, నాకు సెబూలో ఎవరూ లేరు. గుమాస్తా నుంచి విల్‌ఫ్రెడ్ సర్ కారు డ్రైవర్ దాకా అందరి ఫోన్లలోనూ ఎప్పటికీ ఎక్కని పేసో టికెట్లున్నాయి. సేల్ పెడితే కొనాలి, అంతే. పొద్దున్నే పళ్లు తోముకున్నంత మామూలుగా చేసే పని కనుక, లెక్క వేసేటప్పుడు మాలో ఒక్కరికీ అది గుర్తు రాలేదు. వేరే దేశం వాడు వేసుంటే తప్పకుండా అనుమానించేవాడు.

కొత్త సంవత్సరం దాటగానే విల్‌ఫ్రెడ్ సర్ పిలిచాడు. "జనవరి పదిహేను నుంచి ఆ జెట్ దావావోకి."

"మరి విరాక్, సర్?"

"పడవ ఉందిగా."

"ఈ గాలికి పడవలు రోజుల తరబడి రేవులోనే ఉంటాయి సర్. చిన్న విమానం ఒకటి..."

"మన దగ్గర చిన్నవి లేవని నీకు తెలీదా? సంతకం నువ్వేగా పెట్టింది" అన్నాడాయన. ఆయన కొంప ఏం మునగలేదు. దావావోలో మరో పోరాటానికి అప్పుడే సిద్ధమయ్యాడు.

బయటికొచ్చి ఆమె చేసిన పని తెలిస్తే ఉద్యోగం ఊడేది. అవతలి కంపెనీలో మాలాంటి పనే చేసే లిబోరియో అనే అతను కాలేజీలో ఆమెతో చదివాడు. మెట్ల మీద నిలబడి అతనికి ఫోన్ చేసింది. ఫోన్‌లో మాట వినబడేంత దగ్గర నేను కాపలా ఉన్నాను.

"లిబోయ్, మేం పోతున్నాం. మీరు మళ్లీ రండి."

"పొమ్మన్నదీ మీరే, రమ్మన్నదీ మీరేనా? ఆటలా ఉందా?"

"తిట్టు, పడతాను. నిజమైన లెక్క చెబుతున్నా, రాసుకో. రోజుకి అరవై ఆరు, అరవై ఎనిమిది. అంతకు మించి లేరు."

అవతల అతను నవ్వాడు, వెక్కిరింపుగా కాదు. "అది మాకు పదకొండేళ్లుగా తెలుసు జోవీ. అందుకేగా డెబ్బై రెండు సీట్లది పెట్టాం. ఇద్దరికి చాలరనేగా వెళ్లిపోయాం."

ఆమె మెట్టు మీద కూలబడింది. "ఎప్పుడు రాగలరు?"

"పలావాన్‌లో మాట ఇచ్చేశాం. జూన్ దాకా కుదరదు."

ఆఖరి జెట్ వెళ్లిపోయిన మధ్యాహ్నం పిన్నికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఈసారి తిరగలేదు. నా బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"జూన్‌లో వాళ్లు వస్తారు పిన్నీ. అప్పటిదాకా..."

"నేను ఆగుతానే, నాకేం. పీతలకు మాత్రం నువ్వే చెప్పుకో."

"తప్పు నాదే పిన్నీ."

వెనకాల ఎవరో పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న చప్పుడు వినబడుతోంది.

"పీతలు కట్టే ఆడవాళ్లు ఆరుగురికీ సోమవారం నుంచి రావద్దని చెప్పాను" అంది పురా. "విమానం ఎవరు తీసేశారని అడిగారు. నీ పేరు చెప్పలేదులే."