పది నిమిషాలు

కాగజ్‌నగర్‌లో ఎక్కిన ప్యాసింజర్ రైల్లో, నా ఒళ్లో ఉన్న పెట్టెను ఎదుటి సీటులోని ఆమె చాలాసేపు చూసింది.

"గదేంది తమ్మీ?"

"మోటారు వేగం పెంచి తగ్గించే ఇన్వర్టర్ అక్కా. రిపేరుకు తీస్కపోతున్న."

"మా ఆయన గిసొంటిదే బాగుచెయ్యవోయిండు. కరెంటు బంద్ చేసి, ఎంబడే మూత తీసి చెయ్యి పెట్టిండు. బంద్ చేసినా లోపల జరసేపు కరెంటు ఉంటదట గదా! పది నిమిషాలు ఆగితే బతుకుతుండె అన్నరు, అంతా అయినంక."

ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ రాగానే ఆమె సంచి తీసుకుని లేచింది.

"నువ్వు ఆగుతవా?"

"ఆగుతనక్కా" అన్నాను.

ఇప్పుడు నిజంగానే ఆగుతాను. ఆ రోజుకు మాత్రం అది అబద్ధం. ఆ పొద్దున్నే పత్తి జిన్నింగ్ మిల్లులో, స్విచ్చి ఆపిన మరుక్షణమే ఆ పెట్టె మూత విప్పి లోపల చెయ్యి పెట్టాను.