దీపాలన్నీ వెలిగిన ఆట

నిన్న దఫ్తరులో ఒక కొత్త నాటకశాల నక్షా నా బల్ల మీదికి వచ్చింది. కరెంటు తీగలు ఎక్కడ పోవాలి, మీటలు ఎక్కడ ఉండాలి, పంకాలు ఎన్ని అన్నది గుర్తుపెట్టడం నా పని. ఏ పనికైనా ముందు జాబితా రాసుకోవడం నాకు అలవాటు. జాబితా పదో వరుసలో 'ఆడవాళ్ల భాగం, పరదా' అని రాసి, నక్షాలో పరదా కడ్డీ కోసం వెతికాను. లేదు. గీసినతన్ని అడిగితే, "ఇప్పుడెవలు కడుతున్నరు సాబ్ పరదాలు?" అని నవ్వాడు. ఆ వరుస కొట్టివేస్తుంటే మా మేనత్త గుర్తుకొచ్చింది.

ఆమె మా బాపుకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే శంషాబాద్‌లో మా ఇంటికే వచ్చి ఉండిపోయింది. ఊరికి వేషాలు కట్టే ఏ ఆటగాళ్లు వచ్చినా వాళ్లకు అన్నం పెట్టే వంతు మా ఇంటిది. ఆ వంతు మా తాత నాటి నుంచి ఉన్నదే కాని, అందులో తాత వండింది ఏమీ లేదు. వండేది అత్తమ్మ. అవతల ఆట జరుగుతుంటే ఇవతల ఆమె పొయ్యి దగ్గర ఉండేది. మద్దెల దరువు వినబడేది, పాట వినబడేది, వేషం మాత్రం కనబడేది కాదు. ఆమె చూసిన రాజులంతా సగం రంగు కడుక్కొని, విస్తరి ముందు కూర్చొని, మజ్జిగ అడిగే రాజులే. పాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు. చింతపండు పిసుకుతూ మంత్రి మాటలు, రాజు మాటలు రెండూ తానే అనేది.

నేను పట్నంలో కరెంటు పని చదువుతున్న రోజుల్లో ఆమె చూపు తగ్గింది. దవాఖానలో డాక్టరు ఎడమ కన్ను పోయిందన్నాడు, కుడి కంటి మీద కూడా ఏడాదికి మించి నమ్మకం లేదన్నాడు. అత్తమ్మ ఏడవలేదు. బయటికి వచ్చాక నా చేయి పట్టుకుని, "పోతే పోనీ అల్లుడా. గీ కన్ను గూడ పోయేలోపట ఒక్క ఆట ముంగట కూసోని జూడాలె. మొగోడు రాణి ఏషం కట్టి ఎట్ల నడుస్తడో జూడాలె" అంది.

ఆ నెలలోనే కోస్తా నుంచి ఒక నాటక కంపెనీ పట్నానికి వచ్చింది. అప్పట్లో వారం సెలవు శుక్రవారమే కాబట్టి ఆ రోజు పగటి ఆట ఉంది. నేను జాబితా రాశాను. మా ఊరి ఉందానగర్ స్టేషనులో పొద్దుటి రైలు. అత్తమ్మకు తోడు మా చెల్లె. ఆడవాళ్ల భాగంలో మొదటి వరుస, నడిమి కుర్చీ. కంటి మందు సీసా. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. జాబితాలో చివరిది మాత్రం పూర్తిగా నా తెలివి: వెలుతురు. మసక కంటికి వెలుతురు ఎక్కువ కావాలని నా లెక్క. ఆ హాలులో మీటల దగ్గర పనిచేసేవాడు నాతో చదివినవాడే. ఆట మొదలైనా హాలు దీపాలు ఒక్కటీ ఆర్పవద్దని వాడిని బతిమిలాడాను. "ఏందిరా, ఆటనా, మీ ఇంట్ల పెండ్లా?" అన్నాడు గాని ఒప్పుకున్నాడు. మేనేజరు కూడా దీపాలెక్కువైతే తన కంపెనీకే ఘనత అనుకున్నాడు.

ఆట మూడు గంటలు సాగింది. నేను కింద మగవాళ్లలో కూర్చొని దీపాలు లెక్కపెట్టాను. అన్నీ వెలుగుతున్నాయి. పైన ఆడవాళ్ల వైపు నుంచి మధ్యమధ్య పెద్ద గోల వినిపించింది. నాటకం రక్తి కట్టిందనుకుని సంతోషపడ్డాను.

తిరుగు రైలులో జాబితా తీసి అడిగాను. "కిరీటం కనబడ్డదా అత్తమ్మా?"

"కనబడ్డది."

"రాణి నడక?"

"మస్తు మంచిగ నడిచిండు."

చెల్లె ఇక ఆగలేకపోయింది. "ఏం జూసిందే అన్నా? మా ముంగటి పరదా లేస్తే గద! హాల్ల దీపాలు ఆరితెనే పరదా ఎత్తాల్నట. మగోళ్లకు ఆడోళ్లు కనబడొద్దని గక్కడ కాయిదా. దీపాలు ఆరనే లేదు, పరదా కాడ ఉండే ఆయమ్మ ఎత్తనే లేదు. అందరం ఒకటే లొల్లి. నీకు చెప్పి పంపుదామంటే మా మెట్లు వేరు, మా తలుపు వేరు."

"నువ్వు ఊకో పిల్లా" అంది అత్తమ్మ. "వాడు గంత పరేషానై తీస్కపోయిండు." కాసేపటికి నా వైపు తిరిగి, "గజ్జెల సప్పుడు ఇన్న అల్లుడా. రాణి కుడికాలు జర బరువుగ ఏస్తుండు. మోకాలు నొప్పి ఉన్నట్టుంది పాపం. నువ్వు జూడలేదా?" అంది.

నేను చూడలేదు. నేను దీపాలు చూశాను.

మరుసటి శుక్రవారం మళ్లీ తీసుకుపోదామని రాసుకున్నాను. ఆలోపే కంపెనీ ఊరు దాటింది. ఇంకో కంపెనీ వచ్చేసరికి అత్తమ్మ కుడి కన్ను కూడా డాక్టరు చెప్పినట్టే చేసింది. ఇప్పటికీ మా వాడకట్టు ఆడవాళ్లకు ఆ నాటకం ఆమే చెబుతుంది. ఏటేటా రాణి చీర రంగు మారుతుంటుంది. నేను ఎదురుగా ఉంటే నా వైపు తిరిగి, "అవునా అల్లుడా?" అంటుంది. అవునంటాను.

నిన్న సాయంత్రం ఇంటికి వచ్చి, కొత్త నాటకశాలలో పరదా లేదని చెప్పాను. "మంచిగైంది తియ్" అంది. తర్వాత, "దీపాలు మాత్రం ఆర్పుమను" అంది, నవ్వుతూ. ఆ పరదా తొలగడానికి కాలానికి ఏడేళ్లు పట్టింది. ఆ శుక్రవారం నేను ఒక్క మీట నొక్కనిచ్చి ఉంటే సరిపోయేది.