కనబడకపోయినా చేరుతుంది

మా పై గదిలో కిరాయికి ఉన్న కంప్యూటర్ టీచరమ్మ పోయింది. నిన్న పొద్దున దవాఖాన నుంచి ఆమె తమ్ముడు వచ్చి చెప్పాడు. పొయ్యి మీది పాలు మాడేదాకా నాకు తెలివి లేదు.

ఆమెది కోస్తా వైపు. మంచినీళ్లు కావాలన్నా పైనుంచి కేకేసేది కాదు. మెట్లు దిగి వచ్చి నా మొహం చూసి అడిగేది. "పిలిస్తే నేనే వస్త గద" అంటే, "అడిగేది ఎవరినో వాళ్లకు వినపడాలి కదండీ పెద్దమ్మగారూ" అని నవ్వేది.

కొన్నేళ్ల కింద మా చిన్నబిడ్డకు మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఆఫీసులో పని దొరికింది, ఇంకా పక్కా కాలేదు. పాస్‌వర్డ్ అడిగి, హాజరు పట్టీని ఫైల్లో రాసే ప్రోగ్రాం చేయమన్నారు. సోమవారం పెద్దసారు ముందు నడవకపోతే ఇంటికే. తెర మీదికి రాయిస్తే బాగానే నడిచేది. ఫైల్లోకి మళ్లిస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా నిలిచిపోయేది.

ఆదివారం బిడ్డ ఫ్లాపీ పట్టుకుని టీచరమ్మ గదికి పోయి, ఆమె కంప్యూటర్లో నడిపించింది. వెనకాలే నేను.

"తెర అంత నల్లగుంది బిడ్డా, కాలిపోయిందా ఏంది?"

"అమ్మా, జర ఊకో! నీ ఫికర్‌కే కాలుతది."

టీచరమ్మ ఆ ఫైలు తెరిచింది. పాస్‌వర్డ్ అడిగిన మాట అందులో మొదటి వరుసలో ఉంది.

"ఆగిపోలేదండీ, అడిగి ఎదురుచూస్తోంది. రాసేదంతా ఫైల్లోకి పొమ్మంటే ఆ మాటా అక్కడికే పోయింది. మీరు ఉప్పు సరిపోయిందా అని క్యారియర్లోకి అడిగి మూతపెడితే, అమ్మాయికి వినపడుతుందా?"

పట్టీ ఫైల్లోకే పోవాలి, ప్రశ్న మాత్రం నేరుగా తెర మీదికి రావాలి అని చెప్పి, బిడ్డ చేతే మార్పించింది. ఈసారి ప్రశ్న కనబడింది. కానీ బిడ్డ ఎన్ని అక్షరాలు కొట్టినా ఒక్కటీ తెర మీద లేదు. నేను మళ్లీ కంగారుపడ్డాను.

"ఏం పడ్తలేదు గదమ్మా!"

"పాస్‌వర్డ్ కదండీ, పక్కవాళ్లు చూడకూడదని. కనబడకపోయినా చేరుతుంది."

చేరింది. ఫైల్లో పట్టీ ఒక్కటే పడింది. మర్నాడు సాయంత్రం పని పక్కా అయిందని బిడ్డ ముందు పై మెట్లే ఎక్కింది.

పోయిన వారం దవాఖానలో టీచరమ్మకు మాట లేదు, కళ్లు తెరవలేదు. గుమ్మంలోనే నిలబడి ఎట్లుందని అందరినీ అడుగుతున్న నేను, మంచం దగ్గరికి పోయి ఆమె మొహం మీదికి వంగాను.

"టీచరమ్మా, బిడ్డ ఇప్పుడు కొత్తగా వచ్చినోళ్లకు నేర్పిస్తున్నది. నీ క్యారియర్ ముచ్చటే చెప్తదంట."

ఆ మొహంలో కదలిక లేదు. నేను కంగారుపడలేదు. చెయ్యి పట్టుకుని మిగతా ముచ్చట్లన్నీ చెబుతూ కూర్చున్నాను.