కడగకూడని అద్దం

పావగడ తాలూకా వల్లూరులో పనికి పెట్టింది పేరు హొన్నమ్మ. వేరుశనగ పీకే రోజుల్లో ఆమె సాలు వెంట మగవాళ్లు కూడా నిలవలేకపోయేవారు. ఊరి బడిలో నాలుగో తరగతి వరకే చదివినా పందొమ్మిదో ఎక్కం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. చేలన్నీ సోలార్ పార్కు కిందికి పోయి, వేరుశనగ పండినచోట నీలం పలకలు లేచాక, వాటిని కడిగే పనికి మొట్టమొదట చేరిన ఆరుగురు ఆడవాళ్లలో ఆమె ఒకతె. ఏడేళ్లుగా పొడుగు కర్ర బ్రష్షుతో పలకలు తోముతూనే ఉంది. ఇప్పుడు కుడి భుజం పైకి లేవదు. మోకాళ్లు మెట్టు మెట్టుకూ మొరపెడతాయి.

ఆమె కూతురు శిల్పశ్రీ మరీ గట్టి పిల్ల. పదో తరగతిలో తాలూకాకు రెండో స్థానం, పీయూసీలో డిస్టింక్షన్, ఉపన్యాస పోటీల్లో జిల్లా దాకా వెళ్లొచ్చిన మాటకారి. తుమకూరు కాలేజీలో బీయెస్సీ చదువుతుండగా ఆమెకు పరిశోధన ఫెలోషిప్ వచ్చింది. ఆ కాలేజీలోనే ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి గతించిన ఒక మేష్ట్రమ్మ పేరిట ఆమె బిడ్డలు శాశ్వత నిధి పెట్టారు. దాని మీద ఏటా ఐదుగురు డిగ్రీ పిల్లలకే ఆ గౌరవం. ఆ ఏడు ఐదుగురిలో ఇద్దరు పావగడ తాలూకా పిల్లలే: మన శిల్పశ్రీ, మంగళవాడ నందీష్.

సోలార్ పలక మీద ఎన్నాళ్లకు ఎంత దుమ్ము పేరుతుంది, ఎన్నాళ్లకోసారి కడిగితే చాలు, ఎన్ని నీళ్లు మిగులుతాయి అన్నది శిల్ప పట్టిన విషయం. ఇంటి మిద్దె మీద, పలకలకు వాడేలాంటి గాజు అద్దాలు రెండు ఏటవాలుగా పెట్టింది. ఒకదాన్ని వారానికోసారి కడగాలి. రెండోదాన్ని నూరు రోజులు ముట్టకూడదు. తాను రెండు వారాలకోసారి వచ్చి, అద్దంలోంచి ఎంత వెలుగు దిగుతుందో మీటరుతో చూసి రాసుకునేది. మిగతా రోజులు కాపలా హొన్నమ్మది.

"వానొస్తే ఎట్లమ్మీ?" అని అడిగింది ఆమె.

"వాన కడిగితే కడగనీ మా, అదీ లెక్కే. చెయ్యి మాత్రం పెట్టొద్దు."

పార్కులో తోడుగా పలకలు కడిగే బోరమ్మ ఊరుకుంటుందా! "ఏం హొన్నక్కా, నెలకోసారి కడిగితే చాలని నీ కూతురు రాసేస్తే మనమంతా యాడికి పోవాల? ముందు నీ బ్రష్షే పీకేస్తారు చూడు!"

"పీకితే పీకనీలే. నా భుజానికైనా పుణ్యముంటాది."

ఆ మాట ఇంట్లో చెప్పుకొని తల్లీకూతుళ్లు నవ్వుకున్నారు కూడా.

డెబ్బై రెండో రోజు ఆయుధ పూజ వచ్చింది. హొన్నమ్మ పార్కులో బ్రష్షులు, నీళ్ల ట్రాక్టరు కడిగి విభూతి పూసి, గుమ్మడికాయ కొట్టి ఇల్లు చేరింది. ఇంట్లో కొడవలి, పార, కుట్టుమిషను కడిగింది. అందరి పనిముట్లకూ పూజ జరిగి కూతురి పనిముట్టుకు లేకపోతే ఎట్లా అనిపించింది. ఆయాసపడుతూ మిద్దెక్కింది. మాసిన పనిముట్టుకు బొట్టు పెట్టే ఆచారం ఆ ఇంట లేదు. మొదటి అద్దం కడిగింది. ఏడేళ్లుగా వరస తప్పకుండా కడిగిన చెయ్యి రెండోదాని దగ్గర ఆగలేదు. రెండింటికీ విభూతి గీతలు పెట్టి, నడుమ కుంకుమ పెట్టి, చేతులు జోడించి దిగింది.

మరునాడు సెలవులకు వచ్చిన శిల్ప మిద్దెక్కి, వెంటనే దిగింది.

"అమా, ఆ అద్దం కడిగినావా?"

"పూజకు కడగకుండా ఎట్లమ్మీ..." అంటూనే హొన్నమ్మకు నూరు రోజుల మాట గుర్తొచ్చింది.

శిల్ప మెట్టు మీద కూలబడింది. డిసెంబరులో ఐదుగురూ నిధి పెద్దల ముందు తమ పని చూపాలి. పని పూర్తికాకపోతే రెండో ఏడు ఫెలోషిప్ ఉండదు. మళ్లీ మొదలుపెడితే నూరు రోజులకు జనవరి వస్తుంది.

"బోరమ్మత్త అన్నది నిజమేనా? పని పోతాదనే కడిగినావా?"

"నా పని కోసం నీ చదువు తుడిచేస్తానా? ఆ పనిలో ఏముండాదమ్మీ, ఈ భుజం నొప్పి తప్ప?"

శిల్ప తల దించుకుంది. అంతలో నందీష్ ఫోను చేశాడు. సంగతి విని, హొన్నమ్మకూ వినపడేంత గట్టిగా, తేలిగ్గా తీసిపారేశాడు.

"దానికింత ఏడుపేంది? నిన్న వాన పడిందని రాయి. తుమకూరులో కూర్చున్నోళ్లకు వల్లూరు వాన ఏం తెలుస్తాదప్పా?"

శిల్ప పెన్ను తీసింది. హొన్నమ్మ లెక్కలు రాసే పుస్తకం మీద చెయ్యి పెట్టింది.

"వద్దమ్మీ. పడని వానను పడిందని రాయొద్దు. మొగులు చూసి చూసి మీ తాత ప్రాణం పోయింది. ఈ ఊర్లో వాన మీద ఎవురూ అబద్ధం చెప్పరు. అమ్మ కడిగిందని రాయి."

"నగుతారు మా."

"నగనీ. నా పేరు కూడా రాయి."

శిల్ప ఇంగ్లీషులో రాసి తల్లికి విడమరచి చెప్పింది: నిన్న ఈ అద్దాన్ని మా అమ్మ హొన్నమ్మ కడిగింది.

అద్దం మీది బొట్టు కడిగేశాక ఆ రోజే కొత్త లెక్క మొదలైంది. డిసెంబరు సభలో కుంకుమ సంగతికి ఒకరిద్దరు నవ్వనే నవ్వారు. నందీష్‌కు రెండో ఏడు దక్కింది, శిల్పకు దక్కలేదు. పని పూర్తిచేసి పంపితే చూస్తామన్నారు గానీ ఏం చూస్తారో చెప్పలేదు.

జనవరిలో నూరో రోజు వచ్చేసరికి శిల్పకు పరీక్షలు. మీటరు వాడడం తల్లికి ముందే నేర్పి వెళ్లింది. హొన్నమ్మ పార్కు నుంచి వచ్చి, బువ్వ తినకుండానే మిద్దెక్కి, అద్దం కింద మీటరు పెట్టి, అంకె ఫోనులో చదివింది. శిల్ప రెండుసార్లు చదివించుకుంది.

"ఇంక కడగొచ్చునా అమ్మీ?"

"కడుగు మా."

హొన్నమ్మ దుమ్ము పట్టిన అద్దం పక్కన మెల్లగా చతికిలబడింది.

"రేపు కడుగుతాలే. ఈ పొద్దు చేతగాదు."