తొమ్మిది చిల్లుల బురుజు

బడి మానేసే నాటికి నాకు తెలిసిన చరిత్ర అంతా మా బడి గోడ మీద పిల్లలు బొగ్గుతో రాసిందే. ఆ మరుసటి ఏడు ఆ గోడకు సున్నం కొట్టే పనికి నన్నే పిలిచారు. ఉన్న కాస్త చదువునూ నా చేత్తో నేనే తుడిచేసుకున్నాను. అలాంటివాణ్ణి ఒమాన్‌లో పాత కోటలు బాగుచేసే పనిలో పెట్టుకున్నారంటే తప్పు నాది కాదు, వీసా ఇచ్చినవాళ్ళది.

ఇబ్రా అనే ఊరు దాటాక ఖర్జూరపు తోటల మధ్య ఒక మట్టికోట. గడ్డి కలిపి నానబెట్టిన మట్టిని దాని గోడలకు మెత్తడం మా పని. నాతో పాటు నిర్మల్ వైపు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ ఉండేవాడు. కోటకు కావలి ఆ ఊరి ముసలాయన. ఆయన నన్ను రఫీక్, అంటే దోస్తు, అనేవాడు, నేను బాబా అనేవాణ్ణి. ముప్పావు వంతు అరబ్బీ, పావు వంతు ఉర్దూ ఆయన మాట. అర్థం కాని చోట యాలకుల కాఫీ సర్దుకునేది.

వేసవిలో మిట్టమధ్యాహ్నం బయట పని చేయించకూడదని అక్కడి నియమం. అందరూ కింద నీడలో నడుం వాలిస్తే నేను బురుజు పై గదికి ఎక్కేవాణ్ణి. ఆ గది పడమటి గోడ మందం జానెడే. దానికి తొమ్మిది చిల్లులు, అన్నీ లోపలికి ఏటవాలుగా దిగినవి. పొద్దు కాస్త వాలగానే నేల మీద తొమ్మిది వెలుగు చుక్కలు పడేవి. వాటిలో దుమ్ము తీరిగ్గా తిరిగేది. చూస్తూ ఉంటే కదలవు, కన్ను మూసి తెరిస్తే జానెడు జరిగి ఉండేవి. కింద కాలువలో నీళ్ళు ఎవరితోనో మాట్లాడుతున్నట్టుండేవి. నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో నాకే తెలిసేది కాదు. ఒక్కోసారి ఆ చుక్కలు నా రొమ్ము మీదికి ఎక్కి, అవతలికి దిగి వెళ్ళిపోయేవి. బరువు లేదు, వెచ్చదనమే.

ముసలాయన కూడా రోజూ ఆ వేళకు వచ్చి గడప దగ్గర కూర్చునేవాడు. చిన్న గిన్నెలో కాఫీ పోసి నా వైపు జరిపేవాడు. ఒక్క మాటా లేదు. నేనూ ఏమీ అడగలేదు. నేను నోరు మూసుకుని ఉన్న నెల నా జీవితంలో అదొక్కటే.

నెల రోజులు ఒకరి కాఫీ తాగి ఊరికే ఎలా ఉంటాం? మా వైపు మేస్త్రీ ఎవరింట్లోనైనా చాయ్ తాగితే, లేచే ముందు ఆ ఇంటి గోడకు ఊడిన పెచ్చో, పడిన చిల్లో చూసి, పిడికెడు సిమెంటు మాలు తెచ్చి పూడ్చి వస్తాడు. అది మా మర్యాద. ఆ గది మా పనిలో లేదు, పూడ్చమని ఎవరూ చెప్పలేదు. అయినా ఒక రోజు డ్యూటీకి ముందే ఎక్కి తొమ్మిదీ పూడ్చేశాను. నా చేతి పనిలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు. ఎక్కడ పూడ్చానో నాకే కనపడలేదు.

మధ్యాహ్నం ముసలాయన కాఫీ కూజాతో వచ్చాడు. గది చీకటిగా ఉంది. మెచ్చుకుంటాడని మొహం వెలిగించుకుని కూర్చున్నాను. ఆయన గడప దగ్గరే ఆగి, గోడ వైపు చూసి, "నా వాళ్ళేరి?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఎన్నో తరాల కిందట సముద్రం మీదుగా వచ్చినవాళ్ళు ఈ నేలను ఏలుతుండగా, ఈ గదిలో తొమ్మిదిమంది తలుపు వేసుకుని ఎదురు నిలిచారట. గెలవలేమని వాళ్ళకూ తెలుసు. బయటివాళ్ళు కాలువ మళ్ళించి నీళ్ళు ఆపారు. ఎదుటి గుట్టెక్కి తుపాకులతో కాల్చారు. తొమ్మిదిమందీ పోయారు. ఆ కబురు ఒంటెల మీద తోట నుంచి తోటకు పాకింది. అంతవరకు మనకెందుకని కూర్చున్న ఊళ్ళన్నీ లేచాయి, పరాయివాళ్ళు ఓడలెక్కేదాకా ఆగలేదు. ఒక్కో చిల్లు ఒక్కో మనిషని ఆయన తండ్రి ఆయనకు చూపించాడు. వాళ్ళకు సమాధులు లేవు. ఉన్నది ఈ వెలుగే.

నేను లేచి గోడ దగ్గరికి ఉరికాను. మట్టి ఆరిందంటే కొత్తదీ పాతదీ ఒకటైపోతుంది, ఇక ఎవరూ కనిపెట్టలేరు. ఆ ఎండకు ఎంతసేపు ఆగుతుంది? తడి ఉన్న చోట చల్లగా ఉంటుందని గోడకు చెంప ఆనించి వెతకడం మొదలుపెట్టాను. మేస్త్రీ పైకి వచ్చి చూశాడు.

"ఏంది తమ్మీ, గోడకు ముద్దులు పెడుతున్నవ్? ఇంటికి ఫోన్ జేసి ఎన్నొద్దులాయె?"

"నవ్వకు అన్నా. జర నువ్వు గూడ చెంప పెట్టు. సల్లగున్న కాడ చెప్పు."

సంగతి విన్నాక ఆయన నవ్వలేదు. అటు చివర ఆయన, ఇటు చివర నేను, గోడకు చెవులొగ్గినట్టు నిలబడ్డాం. చల్లగా తగిలిన చోటల్లా ఇనుప చువ్వను గుట్ట వైపుకు ఎత్తి మెల్లగా తోశాను. ఒక చుక్క నేల మీద రాలింది. ముసలాయన సలాం చెప్పాడు. ఇంకొకటి. మళ్ళీ సలాం. గది కొద్దికొద్దిగా మేలుకుంటున్నట్టు అనిపించింది. ఎవరో దూరం నుంచి నడిచి వచ్చి, చెప్పులు విడిచి, ఒక్కొక్కరే కూర్చుంటున్నట్టు.

చివరి చుక్క పడ్డాక ముసలాయన లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"పది," అన్నాడు.

మేస్త్రీ ఆ పదో చిల్లును వేలితో తడిమి నా మొహం చూశాడు. "గిది మట్టి తడి గాదు, నీ శెమట రా. నువ్వు శెంప పెట్టిన కాడనే పొడిసినవ్."

తప్పు దొరికిపోయినప్పుడు నా నోరు ఊరుకోదు. "బాబా, ఆ పదోవాణ్ణి నేనే. నన్ను కూడా మీవాళ్ళలో కలుపుకో," అన్నాను.

ముసలాయన గిన్నెలో కాఫీ పోసి నా వైపు జరిపాడు.

"ఆ తొమ్మిదీ బయటివాళ్ళు పొడిచినవి, రఫీక్. పదోది నువ్వు పొడిచావు. నువ్వు ఎవరి వైపో ముందు అది తేల్చుకో."