వీడియోలో వీపు వైద్యం

నవ్వితే నవ్వండి గానీ, టీ పొలమారకుండా చూసుకోండి. ఈమధ్య నేను వీడియో కాల్‌లో డాక్టరుకి చూపించుకున్నాను. అంతా విని, ఆ డాక్టరుగారు మా ఆవిడకి ఏటి సలహా ఇచ్చారో తెలుసా? నన్ను అమ్మేసుకోమన్నారు!

ఒట్టు. అబద్ధమైతే అడగండి, మా పార్వతి లోపలే ఉన్నాది.

మొదట్నుంచీ చెప్తాను. నాకు ఎండలు ముదిరాయంటే వీపు మీద దురద మొదలవుతాది. మామూలు మనిషికైతే ఫర్వాలేదు, గోక్కుంటాడు. మృదంగం వాయించేవాడు ఏ చేత్తో గోక్కుంటాడు? రెండు చేతులూ వాయిద్యం మీదే ఉండాలి కదా! పైగా ఈ దురద ఊరికే ఉన్నప్పుడు రాదు. భజన మంచి ఊపు మీదున్నప్పుడే వస్తాది. కిందటి నెల మా శ్రీకూర్మం గుళ్ళో అదే జరిగింది. పాట అందుకుంటోంది, జనం చప్పట్లు కొడుతున్నారు, నా కుడిచెయ్యి నన్ను అడక్కుండా వీపు మీదకి వెళ్ళిపోయింది. తాళం ఒక దారి, పాట ఒక దారి. పాడుతున్నాయన పాట ఆపలేదు గానీ, నావైపు ఒక చూపు చూశాడండీ... హారతి పళ్ళెం అంత వేడిగా లేదు.

పోయినేడు శ్రీకాకుళంలో చర్మం డాక్టరుగారు ఒక ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. బ్రహ్మాండమైన మందు. అది కాస్తా అయిపోయింది. మా ఊరి మందుల షాపు అప్పలరాజుని అడిగితే, "పాత మందుల సీటీకి ఇవ్వలేను మేష్టారూ, కొత్తది రాయించుకు రండి, సిటికెలో ఇచ్చేస్తాను" అన్నాడు.

రాయించుకు రండి అట! అదేవైనా మాటలా? ఆ డాక్టరుగారి అపాయింట్‌మెంట్ కావాలంటే పొద్దున్నే ఫోన్ చెయ్యాలి. ఎంగేజ్. మళ్ళీ చేస్తే ఎంగేజ్. నా ఫోన్, పార్వతి ఫోన్ చెరో చెవికి పెట్టుకుని కూర్చుంటే, చివరికి నాకు నేనే ఫోన్ చేసుకున్నాను. అదీ ఎంగేజే! ఎన్నాళ్ళకో కలిస్తే, కౌంటర్లో అమ్మాయి తేనె పోసినట్టు చెప్పింది.

"పెద్ద డాక్టరుగారికి ఈ నెల ఖాళీ లేదు సార్. మీది పాత మందే కదా, ఇంత దూరం రావడం ఎందుకు? కొత్త డాక్టరుగారు వీడియోలో చూసి చీటీ పంపేస్తారు. నెంబరు చెప్తాను, సాయంత్రం నాలుగింటికి కాల్ చెయ్యండి."

ఆహా, ఇంట్లో కూర్చుని వైద్యం! నెంబరు రాసుకుని, ఫోన్లో 'డాక్టరుగారు' అని సేవ్ చేసుకున్నాను. ఇక్కడే దెబ్బ తిన్నాను. నా ఫోన్లో అప్పటికే ఒక డాక్టరుగారు ఉన్నారు.

ఆయనెవరంటే, మా పెద్దాడికి వచ్చిన సంబంధం, ఆ పిల్ల తండ్రి. శృంగవరపుకోటలో పశువుల డాక్టరు. పిల్ల పేరు హారిక, ఎమ్మెస్సీ చదివింది, లక్షణమైన పిల్ల. పెళ్ళిచూపులకి పిల్లతో వాళ్ళ అమ్మగారు సత్యవతి, మేనమావ మా ఇంటికే వచ్చారు. ఈయన రాలేదు. ఎవరిదో గేదె ఈనలేక అవస్థ పడతంటే అటు పరిగెత్తారట. "ఏమండీ, ఆయనకి ఒకసారి ఫోన్ చేసి పలకరించండి, బాగుంటాది" అని పార్వతి ఆ నెంబరు నా ఫోన్లో వేయించింది. నేను ఇవాళ, రేపు అంటూ చెయ్యలేదు. వాళ్ళు 'ఆలోచించుకుని చెప్తాం' అని వెళ్ళి అప్పటికి వారం. ఇదివరకైతే మగపెళ్ళివారు చెప్పేవారు, ఆడపెళ్ళివారు ఎదురుచూసేవారు. ఇప్పుడు పిల్లలు చెప్తారు, మనం ఎదురుచూస్తాం. ఫోన్ మోగితే చాలు, మావాడు విజయనగరం నుంచి వచ్చి కూర్చున్నవాడు సోఫాలోంచి అంతెత్తు లేస్తన్నాడు.

సరే. నాలుగైంది. మా ఇంట్లో సిగ్నల్ మేడ మీద తప్ప ఎక్కడా ఉండదు. మేడెక్కాం. చొక్కా విప్పి, పంచె మీదే తువ్వాలు నడుముకి చుట్టుకుని, స్టూలు మీద కూర్చుని పిట్టగోడ మీదకి ఒంగాను. 'డాక్టరుగారు' నొక్కి, ఫోన్ పార్వతి చేతికిచ్చాను. వెనక కెమెరా ఆన్ చేసి వీపు మీద పెట్టమన్నాను. నా ఒంటి నలుపు మీరెరుగుదురు. వీపు మీద వెంట్రుకలు కూడా భగవంతుడు ధారాళంగానే ఇచ్చాడు. దానికి తోడు ఆ ఎండలో, ఆ సిగ్నల్‌కి బొమ్మ అలుక్కుపోయి ఉంటాది. కళ్ళజోడు కింద మర్చిపోయి వచ్చింది పార్వతి. అవతల ఎవరు కనిపించినా తనకి ఒకటే.

"నమస్కారమండీ డాక్టరుగారూ! దురద మందు కోసమండీ" అని అటు తిరిగే అరిచాను. "చూపిస్తన్నాం, చూడండి!"

"నమస్కారం, నమస్కారం. కొంచెం దగ్గరగా పెట్టండమ్మా... అబ్బో, బాగా లేసిందే! ఎన్నాళ్ళయింది?"

"ఎండలు మొదలైనప్పట్నుంచీనండి" అంది పార్వతి. ఇంక తనకి సందు దొరికింది. "ఎంత చెప్పినా వినడం ఉండదు కదండీ! ఎండలో పడి తిరగడం, వచ్చి గోడకేసి రాసుకోవడం. అదే పని!"

"రాసుకోనివ్వకండమ్మా. పుండు పడిపోతాది. నాల్రోజులు కదలకుండా కట్టెయ్యండి."

"అలా చెప్పండి బాబూ!" అని పార్వతి పొంగిపోయింది. "నేనూ అదే అంటన్నాను!"

నాకు కాస్త చివుక్కుమంది. కొత్త డాక్టరు, కుర్రతనం, పేషెంట్లతో ఇలా సరదాగా మాట్లాడతాడు కాబోలు అని సరిపెట్టుకున్నాను.

"మేత బాగానే ఉన్నాదా?"

"ఆ విషయంలో లోటు లేదండి" అంది పార్వతి. "మూడు పూటలా ఉండాల్సిందే."

"కడుగుతన్నారా రోజూ?"

"నేను కడగడం ఏటండీ?" అని కిసుక్కుమంది.

"మరి ఎవరు కడుగుతారమ్మా? శుభ్రంగా పీచు పెట్టి తోమాలి. సరే గానీ, ఎన్నో ఈత?"

ఈత ఎందుకు అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు. చెరువు నీళ్ళకి దురదలు వస్తాయి కదా, అందుకు అయ్యుంటాది అనుకున్నాను.

"ఈతా? లేదండీ!" అని అక్కణ్ణుంచే అరిచాను. "మా అమ్మమ్మగారిది కళింగపట్నమే గానీ, ఈత మాత్రం లేదండీ!"

సిగ్నల్ గరగరలాడింది. ఆయనకి ఎంత వినపడిందో ఏటో, గొంతులో జాలి వచ్చేసింది.

"ఇంతవరకూ ఒక్క ఈతా లేదా! ఇంత ఒడ్డూ పొడుగూ ఉండి?"

"ఒక్కసారి కూడా లేదండి!"

"అయితే ఎందుకమ్మా ఊరికే మేపుతన్నారు? ఈత లేదు, ఒళ్ళంతా ఎలర్జీ. నా మాట విని అమ్మేసుకోండి."

పార్వతి నవ్వు ఆపుకోలేక ఫోన్ ఊపేస్తోంది. "ఎవరు కొంటారు బాబూ! ఊరికే ఇస్తానన్నా తీసుకెళ్ళేవాళ్ళు లేరు!"

"ఎందుకు కొనరు? మా శృంగవరపుకోట సంతకి తోలించండి, నేను బేరం చూసి పెడతాను."

నవ్వు ఆగిపోయింది. "శృంగవరపుకోటా? మీది శ్రీకాకుళం కాదా బాబూ?"

అంతలో ఫోన్లోంచి ఒక ఆడగొంతు. "ఎవరండీ మాట్లాడతన్నారు? తెలిసిన గొంతులా ఉన్నాదే... అయ్యో, పార్వతొదినా! మీరా! గేదెని ఎప్పుడు కొన్నారొదినా? మాటమాత్రం చెప్పలేదు!"

సత్యవతిగారు!

అంటే ఆయన అడిగింది గేదె ఈనే ఈత! నా వీపు మీద దురద అక్కడికక్కడ చచ్చిపోయింది. తిరిగి చూసే ధైర్యం ఎక్కడిది? పిట్టగోడ మీంచి లేచి, నడుముకున్న తువ్వాలు లాగి భుజం మీద కప్పుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాను. అవతల ఆయన ఏటి చూశారో ఊహించుకోండి. అప్పటిదాకా బుద్ధిగా ఒంగుని ఉన్న గేదె, రెండు కాళ్ళ మీద లేచి, తువ్వాలు కప్పుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది!

పైన పార్వతి "గేదె కాదొదినా... మా ఆయన" అంది. అంతే, కాల్ కట్టయింది. సిగ్నల్ పోయిందో, వాళ్ళే పెట్టేశారో ఇప్పటికీ తెలీదు.

సంగతి విని మావాడు తల పట్టుకుని కూర్చున్నాడు. "ఇంకేం చెప్తారు నాన్నా వాళ్ళు? రేపు ఆయన నలుగురికీ చెప్పుకుంటే?" అని ఒకటే గోల. పిల్లాడు ఆ అమ్మాయిని అంతగా ఇష్టపడ్డాడని నాకు అప్పుడే తెలిసింది. పోయి పోయి నా దురద వాడి పెళ్ళికి అంటుకుందేటి దేవుడా అని, కూర్మనాథుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం సత్యవతిగారి ఫోన్. పార్వతి స్పీకర్ పెట్టింది. మాట మొదలెట్టకుండానే ఆవిడ నవ్వు. ఆ వెనక హారిక నవ్వు. ఇంకా వెనక, దగ్గు లాగా, పెద్దాయన నవ్వు.

"వదినా, మాకు ఇష్టమే" అన్నారు ఆవిడ, నవ్వు మధ్యలో. "పిల్లే చెప్పమంది. 'మొగుణ్ణి అమ్మేసుకోమన్నా అలా నవ్వుకునే ఇల్లయితే నాకు భయం లేదమ్మా' అంటన్నాది."

మావాడు సోఫాలోంచి లేవలేదు. ఈసారి సోఫాతో సహా లేచాడు!

అసలు డాక్టరుగారికి కూడా కాల్ చేశాను లెండి. చక్కగా చూసి చీటీ పంపారు, అప్పలరాజు మందిచ్చాడు. వీపు ఇప్పుడు అద్దంలా ఉన్నాది.

నిన్న తాంబూలాలు. కారు దిగి ఆడపెళ్ళివారు వచ్చారు. గుమ్మంలో నేను, మా తమ్ముడు, మా బావమరిది, ముగ్గురం వరసగా నిలబడి నమస్కారం పెట్టాం. డాక్టరుగారు మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశారు. పాపం, చాలాసేపు చూశారు. ఆఖరికి నా దగ్గరికొచ్చి, చెవిలో చెప్పినట్టే గానీ ఊరందరికీ వినపడేలా అన్నారు.

"ఏటనుకోకండి బావగారూ... మొహం ఆనవాలు పట్టలేకపోతన్నాను. ఒక్కసారి అటు తిరుగుతారా?"

ఏం చేస్తాను? తిరిగాను.