చోళ్లు చల్లింది నేనే

ఈ రోజు మధ్యాహ్నం అక్క ఇంట్లో, పిల్లల్ని నవ్విద్దామన్న తొందరలో, నలభై ఏళ్లుగా దాచుకున్న మాట ఒకటి బయటపెట్టేశాను. అదీ ఒక తమాషాలాగే చెప్పాను. అదే నా తప్పు.

అక్క మనవరాలి పుట్టినరోజని పొద్దున్న రైల్లో అరకు వచ్చాను. మధ్యాహ్నం రైలుకి తిరిగి వెళ్లాలి. అన్నాలయ్యాక పిల్లలు ఎప్పటిలాగే కోడి కథ చెప్పమన్నారు. మా కుటుంబంలో ఆ కథ చెప్పే హక్కు నాది.

మా నాన్న ఊరి సంఘపెద్ద. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంట్లో మళ్లీ ప్రార్థన ఉండేది. అది అయ్యేదాకా అన్నం లేదు. నాన్న ప్రార్థన మా ఇంట్లో మొదలై, కొండల మీది ఊళ్లన్నీ తిరిగి, ఢిల్లీలో పాలకులను దీవించి, చివరికి మా పాపాల దగ్గరకొచ్చేసరికి కూర చల్లారిపోయేది. మధ్యలో కళ్లు తెరిచినవాళ్లకు దెబ్బలు. మేం కళ్లు తెరిచిన సంగతి కళ్లు మూసుకున్న నాన్నకు ఎలా తెలిసేదన్నది నా చిన్ననాటి సందేహం. ఆయన పోయాక కూడా దాన్ని పైకి అనే ధైర్యం చాలాకాలం రాలేదు.

దెబ్బలకు వెదురు బెత్తం. అన్నానికి ముందు చేసినట్టే దెబ్బలకు ముందూ ప్రార్థన చేసేవారు. ఆయన క్లుప్తంగా ముగించే ప్రార్థన అదొక్కటే. తప్పు పెద్దదైతే నేల మీద చోళ్లు పోసి మోకాళ్ల మీద నిలబెట్టేవారు. మైదానం వాళ్లు రాగులంటారు. అంబలిలో మెత్తగానే ఉంటాయి. ఆ చోళ్లు సత్తు పళ్లెంలో నింపి ప్రార్థన గది మూలన సిద్ధంగా పెట్టడం అక్క పని.

ఆ ఆదివారం నాకు పదేళ్లు, అక్కకు పదమూడు. అందరూ కాళ్లు కడుక్కుంటుండగా నేను పళ్లెంలోంచి గుప్పెడు చోళ్లు తీసి, గడప నుంచి నాన్న కూర్చునే చోటు దాకా సన్నగా దారి పోశాను. నాన్న ప్రార్థన పాలకుల దాకా వచ్చేసరికి మా ఎర్రకోడి లోపలికొచ్చింది. ఆయన రోజూ బోధించే ఇరుకు దారిన మా ఇంట్లో తప్పకుండా నడిచింది అదొక్కటే. దారి చివర కనిపించిన నాన్న బొటనవేలిని కూడా గింజే అనుకుంది. నాన్న ‘ప్రభువా’ అన్న పిలుపును సగంలో తెంచి, సంతలో తాగినవాళ్లు మాత్రమే అనే మాటొకటి అన్నారు. అక్క ఫక్కున నవ్వేసింది.

నా కథ ఎప్పుడూ అక్కడితో ఆగుతుంది. కోడి దానంతటదే వచ్చిందని చెప్పేవాణ్ణి. ఈ రోజు మాత్రం పిల్లల నవ్వు ఇంకాస్త సాగాలని, ఆ చోళ్లు చల్లింది నేనేనని కూడా చెప్పేశాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. పాయసం గిన్నెతో నిలబడ్డ అక్క నవ్వలేదు.

“ఏటన్నావు?” అంది.

చోళ్లు చల్లింది నేనేనని మళ్లీ చెప్పాను, ఈసారి తమాషా లేకుండా.

“నేనే ఒలకబోసీసినాననుకున్నానురా. పళ్లెం తెచ్చినప్పుడు నా సెయ్యే వణికిందనుకున్నాను. ఇన్నేళ్లూ.”

గిన్నె నా ముందు పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది.

నేను చెప్పకుండా వదిలేసే భాగం ఒకటుంది. చోళ్లు ఎవరు పోశారని నాన్న అడిగారు. నేను కళ్లు మూసుకున్నాను. అంత భక్తిగా అంతకుముందు ఎప్పుడూ మూసుకోలేదు. తన చెయ్యే జారిందేమోనని అక్క ఒప్పేసుకుంది. ఒలకబోసినందుకు మోకాళ్లు, నవ్వినందుకు నోటి మీద బెత్తం. నాన్న అన్నిటికంటే పొడుగైన కీర్తన చదివి ముగించేదాకా ఆమె ఆ గింజల మీదే ఉంది. నేను అన్నం తిన్నాను, మారు కూడా వడ్డించుకున్నాను. సాయంత్రం అమ్మ వేడినీళ్లతో అక్క మోకాళ్లలో దిగిన గింజలు తీస్తుంటే దీపం పట్టుకున్నది నేనే. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు.

అక్క ఇప్పటికీ నవ్వొస్తే చేత్తో నోరు మూసుకుంటుంది. పెళ్లిచూపుల్లో బావ అది చూసి సిగ్గనుకున్నాడట. కారణం తెలిసిన నేను కూడా అందరితో సిగ్గనే చెప్పేవాణ్ణి. కొట్టింది నాన్న. ఆ పాపం ఆయనది. ఆయన కోపం చాటున నలభై ఏళ్లు దాక్కున్నది నేను.

మిగతా కథంతా పిల్లలకు చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

“మరి నీకు పనిష్మెంట్ లేదా తాతా?” అంది పుట్టినరోజు పిల్ల.

అడగాల్సిన మాటే. వంటింటి డబ్బాలోంచి పళ్లెం నిండా చోళ్లు తీసుకుని పెరట్లోకి వెళ్లాను. అక్క గిన్నెలు తోముతోంది. కాఫీ గింజలు ఆరబెట్టే గచ్చు మీద, ఆమె ఎదురుగా చోళ్లు పోసి, ప్యాంటు పైకి మడిచి మోకాళ్ల మీద నిలబడ్డాను. అక్క చూసీ చూడనట్టు తోముతూనే ఉంది. మూడు నిమిషాలకే నాకు చుక్కలు కనిపించాయి.

“తప్పయిపోయిందక్కా. ఆ రోజే సెప్పాల్సింది.”

“పొడుగు కీర్తన సదవాలా, సిన్నదా?” అంది, తలెత్తకుండా.

“పొడుగుదే.”

ఆమె ఏదో అనబోయేలోగా పెరట్లో కోళ్లన్నీ నా చుట్టూ చేరాయి. ఒక పుంజు నా వెనక్కి వెళ్లి బొటనవేలు పొడిచింది. నా నోట్లోంచి సరిగ్గా నాన్న అన్న మాటే వచ్చింది. గుమ్మంలో పిల్లలంతా విన్నారు. అక్క నవ్వింది. చెయ్యి నోటి దాకా వెళ్లింది గానీ, రెండు చేతులకూ సబ్బు నురగ. అలాగే నవ్వింది.

క్షమించావా అని నేను అడగలేదు. తనూ చెప్పలేదు.

“లెగు. ఆ గింజలన్నీ ఏరు. సీపురుతో ఊడిసీడం కాదు, ఒక్కోటీ ఏరు. కోళ్లు తినీసినవి కూడా అప్పజెప్పాలి,” అంది.

ఏరడం మొదలుపెట్టాను. ఆవగింజంత గింజలు, వేళ్లకు చిక్కవు. లోయలో రైలు కూత వినిపించింది, నేను లేకుండానే వెళ్లిపోయింది. మనవరాలు నా పక్కన గొంతుక్కూర్చుని తనూ ఏరుతూ, కోళ్లు తిన్నవి వదిలెయ్యమని నా తరఫున వాదించింది. అక్క ఒప్పుకోలేదు.